జూన్ గడి

చార్టు మీద పన్నెండు గడులు. పై వరుసలో జూన్ నుంచి నవంబరు, కింది వరుసలో డిసెంబరు నుంచి మే. ఒక్కో గడిని మధ్యలో గీత గీసి రెండు చేయాలి. పై సగం ‘వచ్చింది’, కింది సగం ‘పోయింది’. ఖమ్మం జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో శనివారం చివరి పీరియడ్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు నేల మీద కూర్చుని చేస్తున్న పని ఇది. మొదటి రోజు అంకెలు వేయక్కర్లేదు. ఇంట్లోకి డబ్బు ఏ నెలలో దేనివల్ల వస్తుందో, ఏ నెలలో దేనికి పోతుందో రాస్తే చాలు.

పావుగంటలో గడులు నిండాయి. పత్తి నవంబరు, డిసెంబరులో. మిర్చి ఫిబ్రవరి, మార్చిలో. పాల డబ్బులు పదిహేను రోజులకోసారి. ఆటో నడిపే ఇంట్లో రోజూ, బండి షెడ్డుకెళ్తే ఏమీ లేదు. మేస్త్రీ పనికెళ్లే ఇంట్లో వానల్లో పని ఉండదు. నెల నెలా ఒకటో తారీఖున జీతం వచ్చే ఇల్లు ఆ క్లాసులో ఒక్కటే కనిపించింది. ఖర్చుల వైపు చూస్తే అందరి చార్టుల్లోనూ ఒకే చోట రాత ఇరుకైపోయింది. ఫీజులు, పుస్తకాలు, బస్ పాస్, విత్తనాలు, దుక్కి కూలి, ఎరువు కట్టలు: అన్నీ జూన్ గడిలోనే. దాని పై సగం చాలామందికి ఖాళీ.

ఈ వ్యాసకర్త కామర్స్ చెప్పి రిటైరైనవాడు. ముప్పై ఏళ్లు డెబిట్లు, క్రెడిట్లు, ట్రయల్ బ్యాలెన్సు నేర్పాడు. ఊహల్లోని వ్యాపారుల లెక్కలు పైసాతో సహా సరిపోయేవి. క్లాసులో కూర్చున్న పిల్లల ఇళ్ల లెక్క మాత్రం ఎన్నడూ బోర్డు మీదికి రాలేదు. ఆ లోటు తీర్చుకోవాలనే ఇప్పుడు ఈ శనివారాలు.

మొదటి శనివారం బోర్డు మీద 50-30-20 అని రాశాడు. సంపాదనలో సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు అనే సూత్రం. అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా కలిసి 2005లో వెలువరించిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఇప్పుడు తెలుగు యూట్యూబ్ చానళ్లలోనూ ఇదే వినిపిస్తుంది. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. “సార్, మాకు నెల జీతం లేదు. మిర్చి అమ్మితేనే డబ్బులు. జూన్‌లో దేంట్లో సగం తీయాలి?” ఆమె అడిగినదానికి ఆ సూత్రంలో జవాబు లేదు. నెల నెలా ఒకే మొత్తం చేతికొచ్చే కుటుంబాల కోసం తయారైన కొలత అది. పంట మీద, కూలి మీద, పాల మీద బతికే ఇంటికి ఎంత వచ్చిందన్నది ఒక ప్రశ్నయితే, ఎప్పుడు వచ్చిందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఆ మరుసటి వారం నుంచే చార్టు, పన్నెండు గడులు.

ఈ సంగతిని పట్టి చూపిన పరిశోధన ఒకటుంది. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో సుమారు 250 పేద కుటుంబాల ఇళ్లకు పరిశోధకులు ఏడాది పాటు పదే పదే వెళ్లి, వచ్చిన డబ్బు, పోయిన డబ్బు రాసుకున్నారు. ఆ డైరీలతో 2009లో ‘పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్’ అనే పుస్తకం వచ్చింది. పేదల ఇబ్బంది రాబడి తక్కువ కావడం ఒక్కటే కాదని, అది ఎప్పుడొస్తుందో ఎంతొస్తుందో తెలియకపోవడం కూడా అని ఆ డైరీలు చెప్పాయి. బంగ్లాదేశ్‌లో చూసిన కుటుంబాల్లో నాలుగు రకాలకు తక్కువగా అప్పు, పొదుపు మార్గాలు వాడే ఇల్లు ఒక్కటీ లేదు. చేబదులు, దుకాణంలో ఖాతా, సంఘం, పొరుగింట దాచిన సొమ్ము. లెక్క రాని మనుషులు ఇన్ని దారాలు ఒకేసారి పట్టుకుని నడపలేరు. మన పిల్లల తల్లులూ ఇదే చేస్తున్నారు, పోపుల డబ్బా దగ్గర్నుంచి డ్వాక్రా సంఘం దాకా.

ప్రభుత్వాలకూ తేదీ విలువ తెలుసు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు 4,000 రూపాయలు వానాకాలానికొకసారి, యాసంగికొకసారి ఇవ్వాలని పెట్టుకున్నది పెట్టుబడి పెట్టే వేళకు అందాలనే. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం డబ్బు 2025లో తల్లుల ఖాతాల్లో పడింది జూన్‌లోనే. ఒక్కో విద్యార్థికి 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000. జూన్ గడి పై సగం ఎందుకు ఖాళీగా ఉంటుందో అర్థం చేసుకున్న పిల్లలకు, ఈ పథకాల వార్త పేపర్లో చదివితే వెనకున్న లెక్క కూడా కనిపిస్తుంది.

చార్టులో మరో ఆసక్తికరమైన పద్దు చదివింపులు. శ్రావణంలో, మాఘంలో పెళ్లిళ్లొస్తాయి. పందిట్లో ఒకరు నోటుబుక్కు పట్టుకుని కూర్చుని పేరు, ఊరు, మొత్తం రాస్తారు. ఆ పుస్తకాన్ని పెళ్లివారు బీరువాలో భద్రంగా దాస్తారు, ఎందుకంటే అందులో ఉన్నవాళ్ల ఇళ్లలో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా చదివించాలి. ఇంట్లో ఉన్న ఆ పుస్తకం తీసి, వచ్చే ఏడాదిలో ఎవరెవరి ఇళ్లలో పెళ్లి కావచ్చో అమ్మను అడిగి రాసుకురమ్మంటే, పిల్లలు ఒక వారంలో ముందస్తు అంచనా అంటే ఏమిటో నేర్చుకున్నారు. పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీలు పట్టే సంగతి.

తర్వాతి పాఠం వడ్డీ. ఇక్కడ మన భాషే ఒక చిక్కు. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. ఊళ్లో మాత్రం రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, అంటే నూటికి నెలకు అంత. పన్నెండుతో గుణిస్తే బ్యాంకు భాషలోకి వస్తుంది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకున్న స్వల్పకాలిక పంట రుణాన్ని గడువులోగా కడితే కేంద్రం రాయితీ పోను పడే వడ్డీ 4 శాతం, అంటే ముప్పై మూడు పైసల వడ్డీ. ఈ రెండూ పక్కపక్కనే బోర్డు మీద రాసేసరికి క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైంది. కౌలు చేసే ఇళ్ల పిల్లలు మెల్లగా చెప్పారు. పట్టా తమ పేరున లేదు కాబట్టి ఆ ముప్పై మూడు పైసల గుమ్మం దాకా తమ నాన్న వెళ్లలేడని. ఆ మాట కూడా పాఠంలో భాగమే, దాన్ని దాటేసి ముందుకు పోకూడదు.

రోజువారీ ఫైనాన్స్ లెక్క మరింత లోతైనది. పది వేల అప్పు అంటారు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పిల్లలు టక్కున చెప్పేది, “వెయ్యే కదా సార్, పది శాతం.” అప్పుడు ఒకరిని కూరగాయల బండి వ్యాపారిగా, ఒకరిని వసూలుకొచ్చే మనిషిగా నిలబెట్టి, కాగితం ముక్కలతో వంద రోజుల కథ నడిపించాలి. యాభయ్యో రోజుకి సగం సొమ్ము వెనక్కి వెళ్లిపోయింది. మొత్తం మీద సగటున బండి మనిషి దగ్గర ఉన్నది నాలుగున్నర వేలు. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే 22 శాతం, ఏడాదికి లెక్కిస్తే దాదాపు 80. ఊరి భాషలో ఆరున్నర రూపాయల వడ్డీ పైమాటే. అయినా ఆ బండి మనిషి ఎందుకు తీసుకుంటాడు? కాగితాలు అడగరు, తెల్లారేసరికి డబ్బు చేతికొస్తుంది, కట్టాల్సింది కూడా రోజు సంపాదనలోంచే. అతను తెలివితక్కువవాడు కాదని పిల్లలకు అర్థమయ్యేదాకా వడ్డీ పాఠం పూర్తి కాదు.

సొంత సంపాదన లేని వయసులో పిల్లలకు సొంత బడ్జెట్ ఏముంటుంది అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. గురుకులాల్లో, హాస్టళ్లలో చదివేవాళ్ల మీద నెల నెలా ఒక బడ్జెట్ నడుస్తూనే ఉంది. తెలంగాణలో 2024లో పెంచిన మెస్ చార్జీల ప్రకారం ఎనిమిది నుంచి పదో తరగతి దాకా నెలకు 1,540 రూపాయలు, ఇంటర్ నుంచి పైవాళ్లకు 2,100. ముప్పై రోజులకు పంచితే హైస్కూలు పిల్లకు రోజుకు 51 రూపాయలు, ఇంటర్ పిల్లకు 70. ఆ డబ్బులో టిఫిను, రెండు పూటల భోజనం, సాయంత్రం చిరుతిండి. ఒక వారం మెనూ మీరే వేయండి, కూరగాయల ధర సంతలో కనుక్కురండి అని చెబితే, గుడ్డు ధర పెరిగితే ఏ పూట ఏది తగ్గించాలన్న వాదన గంటసేపు సాగింది. ఒక పిల్లవాడు పప్పు పలచన చేద్దామన్నాడు. హాస్టల్లో ఉండే మరో పిల్లవాడు ఒప్పుకోలేదు. బడ్జెట్ అంటే ఎవరి కంచంలోంచి ఎంత తీయాలన్న నిర్ణయం అని ఎవరూ చెప్పకుండానే అక్కడ తేలింది.

ఇలాంటి పాఠాలు నిజంగా పనికొస్తాయా? పరిశోధకుల్లో దీని మీద పెద్ద తగవే ఉంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పోగుచేసి 2014లో ఫెర్నాండెజ్, లించ్, నెటెమేయర్ చేసిన విశ్లేషణ, మనుషుల డబ్బు నడవడికలో కనిపించే తేడాల్లో ఆర్థిక విద్య వల్ల వచ్చినవి 0.1 శాతమేనని, అదీ కాలం గడిచేకొద్దీ కరిగిపోతుందని చెప్పింది. అవసరం ఎదురైన వేళకే చెప్పే పాఠం మేలన్నది వాళ్ల సూచన. తర్వాత 2022లో మరో బృందం 76 ప్రయోగాలను పరిశీలించి, ఫలితం ఉందనే తేల్చింది. బ్రెజిల్‌లో ఆరు రాష్ట్రాల్లోని 892 హైస్కూళ్లలో, సుమారు 25,000 మంది విద్యార్థులతో జరిగిన ప్రయోగం ఇంకా వివరమైనది. పిల్లల్లో పొదుపు, ముందుచూపు పెరిగాయి. ఇంటి డబ్బు నిర్ణయాల్లో పాలుపంచుకోవడం పెరిగింది. తల్లిదండ్రులకు కూడా ఎంతో కొంత అబ్బింది. అదే ప్రయోగంలో, వస్తువులు కొనడానికి ఖరీదైన అప్పులు వాడటం కూడా ఆ పిల్లల్లో పెరిగింది. డబ్బు గురించి తెలియడం వల్ల ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతో పాటు వడ్డీ లెక్క కూడా రాకపోతే ప్రమాదమే. శనివారం క్లాసులో వడ్డీకి మూడు వారాలు కేటాయించింది అందుకే.

వేళకు చెప్పడమంటే ఇవాళ ఫోన్ దగ్గర చెప్పడం. యూపీఐ వచ్చింది 2016లో. ఈ పిల్లలకు చిల్లర లెక్కపెట్టడం కంటే స్కాన్ చేయడం ముందు వచ్చింది. పదేళ్లు నిండిన పిల్లలు బ్యాంకు పెట్టిన పరిమితుల్లో సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టం చేసింది. ఖాతా తెరిచిన రోజే చెప్పాల్సిన మాటలు రెండు. పిన్ నొక్కేది డబ్బు పంపడానికే, రావడానికి ఎన్నడూ అక్కర్లేదు. మోసం జరిగితే ఏడుస్తూ కూర్చోకుండా ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయాలి. లోన్ యాప్‌ల సంగతి తెలంగాణకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020 చివర్లో వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరసగా వచ్చాయి, హైదరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు, 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ ఫోన్‌లోని నంబర్లన్నీ చూస్తానని అడిగిందంటే, రేపు ఎవరి ముందు పరువు తీయాలో ముందే రాసుకుంటోందని పిల్లలకు సూటిగా చెప్పాలి.

విదేశాలకు వెళ్లే మన పిల్లల అనుభవంలోనూ తేదీ పాఠం ఉంది. జర్మనీకి చదువుకోవడానికి వెళ్లేవాళ్లు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే ఒక ఖాతాలో చూపించాలని 2024 సెప్టెంబరు నుంచి నియమం. అందులోంచి నెలకు 992 యూరోలే చేతికొస్తాయి. తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి కట్టిన డబ్బు కూడా నెలకింతే కదులుతుంది. ఇక్కడ ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ దాకా అడిగినప్పుడల్లా నాన్న ఫోన్‌లో డబ్బు వేసిన పిల్లవాడికి, ఆ మొదటి నెల ఇరవయ్యో తారీఖు కష్టంగా ఉంటుంది.

పిల్లలకు డబ్బు పాఠం చెప్పడానికి దూరం పోనక్కర్లేదని ఈ వ్యాసకర్తకు చూపించింది ఒక తల్లి. ఆమె పొదుపు సంఘంలో లెక్కలు రాస్తుంది. ఒక శనివారం క్లాసుకు రమ్మంటే మొదట మొహమాటపడి, తర్వాత సంఘం పుస్తకాలు సంచిలో పెట్టుకుని వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ లాంటి ఆడవాళ్లు సారా మీద తిరగబడటం, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు: ఈ కథను ఆమె పుస్తకం చూడకుండా చెప్పింది. తర్వాత తీర్మానాల పుస్తకం తెరిచి, ఒక సభ్యురాలు వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లు ఏం చేస్తారో, అప్పు ముందు ఎవరికి ఇవ్వాలో ఎలా తేలుస్తారో వివరించింది. పిల్లలు బోలెడు ప్రశ్నలు వేశారు. ఆమె కూతురు మాత్రం వెనక వరుసలో తలవంచుకుని నోట్సు రాసుకుంది. మిర్చి అమ్మితేనే డబ్బులు అన్న అమ్మాయే.

పోయిన శనివారం ఆ అమ్మాయి తన చార్టు ఇంటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చింది. కొన్ని గడుల్లో నీలం సిరాతో ఇంకో చేతిరాత కనిపించింది. ఆగస్టులో మేనత్త కూతురి పెళ్లి చదివింపులు చేర్చారు. ఫిబ్రవరిలో మిర్చి కోత కూలి కూతురు మర్చిపోతే అమ్మ రాసింది. జూన్ గడి పై సగంలో మాత్రం పెన్సిల్ రాత, రెండుసార్లు చెరిపి రాసినది: “పాల డబ్బుల్లోంచి నెలకు 400. డిసెంబరు నుంచి మే దాకా. 2,400.” దాని పక్కన అదే నీలం సిరాతో చిన్న ప్రశ్నార్థకం. ఆవు ఏప్రిల్‌లో ఒట్టిపోతుందని అమ్మ అందట, అందుకని ఏప్రిల్, మే గడుల్లో 400 కొట్టేసి, మొత్తం 1,600 అని మళ్లీ వేయాలా అని అడగడానికి ఆ అమ్మాయి పెన్సిల్ పట్టుకుని నిలబడి ఉంది.