ఒకే కథ, రెండు మందులు: ‘డోప్‌సిక్’, ‘ఏడీహెచ్‌డీ నేషన్’ గ్రంథాలలో పోలిక – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలో ఓపియాయిడ్ నొప్పిమాత్రలు తెచ్చిన విపత్తును బెత్ మేసీ ‘డోప్‌సిక్’ (2018) చిత్రించింది. అవధానలోప రుగ్మత (ఏడీహెచ్‌డీ) పేరిట ఉత్తేజక మాత్రలను అతిగా వాడటాన్ని అలన్ ష్వార్జ్ ‘ఏడీహెచ్‌డీ నేషన్’ (2016) చర్చించింది. ఈ రెండు గ్రంథాలను తులనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కంపెనీల ప్రచారం విషయంలో ఈ రెండు మందుల మధ్య పోలిక నిలుస్తుందని, రోగి శరీరం దగ్గరకు వచ్చేసరికి అది నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వ్యసన చికిత్సకు వాడే బ్యూప్రినార్ఫిన్ విషయంలో మేసీ చూపిన వివేచన ఉత్తేజక మాత్రల విషయంలో ఎందుకు లోపించిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఓపియాయిడ్లు, అవధానలోప రుగ్మత, ఉత్తేజకాలు, బ్యూప్రినార్ఫిన్, వ్యసనం, కథన నిర్మాణం, తులనాత్మక విమర్శ.

1. ఉపోద్ఘాతం:
అమెరికా మందుల చరిత్రలో 1996 గుర్తుంచుకోదగిన సంవత్సరం. పర్డ్యూ ఫార్మా సంస్థ ఆక్సీకాంటిన్ అనే నొప్పిమాత్రను మార్కెట్లోకి తెచ్చింది ఆ ఏడాదే. ఆడెరాల్ అనే ఉత్తేజక మాత్రకు అవధానలోప చికిత్స కోసం ప్రభుత్వ అనుమతి లభించిందీ ఆ ఏడాదే. మొదటిది నల్లమందు సంతతికి చెందినది. రెండోది ఆంఫెటమిన్ లవణాల మిశ్రమం. అమెరికా చట్టం ఈ రెండింటినీ నియంత్రిత పదార్థాల రెండో షెడ్యూలులోనే ఉంచింది. వైద్య ప్రయోజనం ఉన్నప్పటికీ దుర్వినియోగానికి ఎక్కువ అవకాశమున్న మందులకు కేటాయించిన వర్గమది.

ఒకే ఏడాది, ఒకే షెడ్యూలు, ఒకే తరహా వ్యాపారం. ఈ సారూప్యం వల్లనే, ఓపియాయిడ్ల తరువాత రాబోయే ఉపద్రవం ఉత్తేజక మాత్రలదేనన్న భావన బలపడింది. ఈ పోలిక ఎంతవరకు న్యాయమైనదో పరిశీలించడానికి ఈ రెండు గ్రంథాలు అనువైనవి. రచయితలిద్దరూ పాత్రికేయులే. మేసీ వర్జీనియాలోని రోనోక్ టైమ్స్‌లోను, ష్వార్జ్ న్యూయార్క్ టైమ్స్‌లోను పనిచేశారు. ఇద్దరూ వ్యక్తుల జీవితాల మీదుగానే వ్యవస్థను చూపించారు.

2. పోలిక నిలిచే చోటు:
రెండు గ్రంథాల కథన చట్రం ఒక్కటే. బలహీనమైన ఆధారాన్ని కంపెనీ బలమైన నినాదంగా మారుస్తుంది. వైద్యుడు దానిని నమ్ముతాడు. రోగి మూల్యం చెల్లిస్తాడు.

‘డోప్‌సిక్’లో ఈ చట్రానికి గట్టి పునాది ఉంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో ఉండగా మత్తు కలిగించే నొప్పిమందులు పొందిన 11,882 మంది రోగులలో నలుగురికి మాత్రమే వ్యసనం కలిగిందని దాని సారాంశం. ఆ మందులను ఇంటివద్ద నెలల తరబడి వాడితే ఏమవుతుందో ఆ ఉత్తరం చెప్పలేదు. అయినా, దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లు సురక్షితమనే వాదానికి అది ఆధారమైపోయింది. వర్జీనియా బొగ్గుగనుల ప్రాంతంలో దాని ఫలితాన్ని ముందుగా గుర్తించి హెచ్చరించిన వైద్యుడు ఆర్ట్ వాన్ జీని మేసీ తన కథనానికి నైతిక కేంద్రంగా నిలిపింది. వ్యసన ప్రమాదం తక్కువని చెప్పి మందును అమ్మినందుకు పర్డ్యూ అనుబంధ సంస్థ 2007లో నేరాన్ని అంగీకరించింది. 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది.

ష్వార్జ్ సేకరించిన ప్రచార చరిత్ర కూడా తక్కువది కాదు. ఓబెట్రాల్ అనే పాత బరువు తగ్గించే మాత్ర పేరు మార్చుకొని ఆడెరాల్‌గా అవతరించిన వైనాన్ని ఆయన వివరించారు. ‘అవధానలోపం అందరికీ’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదబంధం నుంచి ఆ పేరు పుట్టిందన్న సంగతి అతిశయోక్తి అక్కరలేని వ్యంగ్యం. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తున్నారని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపింది. ఏడుగురు పిల్లలలో ఒకరికి మించి ఈ రుగ్మత ముద్ర పడుతోందని, అది నిపుణులు సమంజసమనుకునే సంఖ్యకు మూడు రెట్లని ష్వార్జ్ వాదన. అమ్మకపు కళ విషయంలో పోలిక నిలుస్తుందనడానికి ఇవి చాలు.

3. పోలిక విడిపోయే చోటు:
కథ ఒకటే అయినంత మాత్రాన పదార్థాలు ఒకటి కావు. ఓపియాయిడ్లు మెదడులోని నిర్దిష్ట గ్రాహకాలకు అంటుకొని నొప్పిని తగ్గిస్తాయి. శ్వాసను నడిపే కేంద్రాన్ని కూడా అవే మందగింపజేస్తాయి. శరీరం అలవాటుపడేకొద్దీ మోతాదు పెరుగుతుంది. మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది. కొన్నాళ్లు మానివేసి తిరిగి పాత మోతాదు తీసుకొన్నవాడు మరణించడానికి కారణం ఇదే. 2021లో అమెరికాలో మోతాదు మించి మరణించినవారు లక్ష దాటారు. ఆ మరణాలలో సుమారు మూడు వంతులకు ఓపియాయిడ్ల సంబంధం ఉంది.

ఉత్తేజక మాత్రలు డోపమిన్, నార్‌అడ్రినలిన్‌ల ప్రభావాన్ని పెంచుతాయి. 1937లో రోడ్ ఐలండ్ వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ తన ఆసుపత్రిలోని పిల్లలకు బెంజిడ్రిన్ ఇచ్చి, వారు చదువులో కుదురుకోవడం గమనించాడు. నాటి నుంచి ఈ మందులు వాడుకలో ఉన్నాయి. వీటికీ ప్రమాదాలున్నాయి. ఆకలి మందగించడం, నిద్ర తగ్గడం, గుండె వేగం, రక్తపోటు పెరగడం సాధారణం. పొడిచేసి పీల్చినా, మోతాదు మించినా వ్యసనం, మతిభ్రమ కలగవచ్చు. అయితే నిర్ణీత మోతాదులో నోటి ద్వారా నెమ్మదిగా పనిచేసే మాత్రకూ, పొడిగా పీల్చిన మాత్రకూ మెదడులో ఒకే ఫలితం ఉండదు. ఈ భేదాన్ని షెడ్యూలు అంకె చూపదు.

ష్వార్జ్‌కు ఈ తేడా తెలుసు. అందుకే ఈ రుగ్మత వాస్తవమని గ్రంథారంభంలోనే స్పష్టం చేశారు. ఆయన ఫిర్యాదు మందు మీద కాదు, దాని విచ్చలవిడి పంపిణీ మీద. కాని గ్రంథ నిర్మాణం ఈ వివేచనను పూర్తిగా నిలుపుకోలేదు. మాత్రల చుట్టూ చిక్కుపడిన యువజీవితాలకే కథలో ప్రాధాన్యం దక్కింది. మాత్రతో కుదుటపడి, చెప్పదగిన నాటకీయత లేకుండా బతుకు సాగించినవారికి అంతటి స్థానం దొరకలేదు. ఉపద్రవ కథనానికి బాధితుడు కావాలి. బాగుపడినవాడు అందులో పాత్ర కాలేడు.

4. అనుభవం, ఆధారం:
‘డోప్‌సిక్’లో ఈ చర్చకు కీలకమైన ఒక పరిశీలన ఉంది. తాను కలిసిన వ్యసనపీడిత యువజనులలో దాదాపు అందరూ బాల్యంలో అవధానలోపానికి మందులు వాడినవారేనని, కౌమారంలో ఆ మాత్రలే విందు వినోదాల సరుకుగా మారాయని మేసీ గమనించింది. స్నేహితుల మధ్య మాత్రల మార్పిడి జరిగిందన్న అంశం కాదనలేనిది. కాని అందులో ధ్వనించే కార్యకారణ సంబంధం ప్రశ్నార్హం.

వ్యసనంలో చిక్కినవారిని కలిసి వారి బాల్యంలోకి వెనక్కి నడవడం ఒక పద్ధతి. మాత్రలు వాడిన పిల్లలందరితో కలిసి ముందుకు నడవడం మరొక పద్ధతి. మొదటిది ఆసుపత్రి వార్డులో నిలబడి ఊరి ఆరోగ్యాన్ని అంచనా వేయడం వంటిది. పైగా, మందు వాడినా వాడకపోయినా అవధానలోపం ఉన్నవారికి వ్యసన ప్రమాదం ఇతరులకంటే ఎక్కువ. కనుక వ్యసనపీడితులలో ఆ మందు వాడినవారు ఎక్కువగా కనిపించడం, మందు ఏ హానీ చేయకపోయినా, సంభవమే.

ఆధారాల చరిత్ర కూడా తిన్ననైనది కాదు. ఆరు అధ్యయనాలను సమీక్షించిన 2003 నాటి హార్వర్డ్ బృందం, బాల్యంలో ఉత్తేజక చికిత్స పొందినవారికి తరువాతి కాలంలో వ్యసన ప్రమాదం తగ్గుతుందని చెప్పింది. ఆ బృందంలో ప్రముఖుడైన జోసెఫ్ బీడర్‌మన్ కంపెనీల నుంచి పొందిన సొమ్మును తగిన విధంగా వెల్లడించలేదని 2008లో సెనేటర్ గ్రాస్లీ విచారణ బయటపెట్టింది. కాబట్టి ఆ ఫలితాన్ని కళ్లకద్దుకోవలసిన అవసరం లేదు. 2013లో పదిహేను అధ్యయనాలను సమీక్షించిన మరొక బృందం ఆ మందులు వ్యసన ప్రమాదాన్ని పెంచవు, తగ్గించవు అని తేల్చింది. 2017లో సుమారు 30 లక్షల మంది బీమా వివరాలను పరిశీలించినప్పుడు, మందు వాడిన నెలలలో వ్యసన సంబంధ సమస్యల అవకాశం పురుషులలో 35 శాతం, స్త్రీలలో 31 శాతం తక్కువగా కనిపించింది. రక్షణ ఇస్తుందన్న వాదం చర్చనీయం. వ్యసనానికి దారి తీస్తుందన్న వాదానికి మాత్రం ఈ పరిశోధనలలో బలం లేదు.

5. ఒకే గ్రంథంలో రెండు కొలమానాలు:
మేసీ వివేచన అత్యున్నతంగా కనిపించేది వ్యసన చికిత్సను చర్చించిన భాగంలో. బ్యూప్రినార్ఫిన్ కూడా ఓపియాయిడే. కాని అది గ్రాహకాన్ని పాక్షికంగా మాత్రమే ప్రేరేపిస్తుంది. ఒక హద్దు దాటాక శ్వాసపై దాని ప్రభావం అంతగా పెరగదు. రోగిని అది తపన నుంచి, మందు అందనప్పటి నరకబాధ నుంచి కాపాడుతుంది. ఆ బాధకే ‘డోప్‌సిక్’ అని పేరు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్షలో, బ్యూప్రినార్ఫిన్ చికిత్సలో ఉన్న కాలంలో ఏటా వెయ్యిమందికి 4.3 మరణాలు, చికిత్స వదిలిన కాలంలో 9.5 మరణాలు నమోదయ్యాయి. మెథడోన్‌కు ఈ సంఖ్యలు 11.3, 36.1.

అయినా ‘ఒక మత్తుకు బదులు మరో మత్తు’ అన్న నింద ఈ మందును వెంటాడింది. కొన్ని న్యాయస్థానాలు, పునరావాస కేంద్రాలు దానిని నిరాకరించిన తీరును మేసీ తీవ్రంగా విమర్శించింది. ఆక్సీకాంటిన్ రాయడానికి అక్కరలేని ప్రత్యేక అనుమతి, దాని బాధితుడికి బ్యూప్రినార్ఫిన్ రాయడానికి 2022 చివరి వరకు అవసరమైంది. రోజూ మందు వేసుకోవడం వేరు, వ్యసనం వేరు; మనిషి బతుకు చక్కబడుతోందా, చెడుతోందా అన్నదే కొలమానం. ఇది మేసీ గ్రంథం అందించిన అమూల్యమైన పాఠం.

ఆ కొలమానాన్నే ఉత్తేజక మాత్రకు వర్తింపజేయకపోవడం ఆ గ్రంథంలోని లోపం. బ్యూప్రినార్ఫిన్ కూడా వీధుల్లో చేతులు మారుతుంది. అది మందు దోషమా, చికిత్స అందకపోవడం వల్ల వచ్చిన దోషమా అని ఆ సందర్భంలో అడగవలసి ఉంటుంది. అదే ప్రశ్న ఆడెరాల్ విషయంలోనూ అడగవలసినది. ఈ ఉదాసీనత కేవలం సాహిత్య దోషం కాదు. 2024 జూన్‌లో ఆడెరాల్‌ను అక్రమంగా పంచిన ఆరోపణపై ఒక టెలీవైద్య సంస్థ నిర్వాహకులపై కేసు నమోదైంది. ఆ చర్య అవసరమైనదే కావచ్చు. కాని ఆ వెంటనే, మందు అందని రోగులు ఫెంటనిల్ కలిసిన నకిలీ మాత్రల పాలబడే ప్రమాదముందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం హెచ్చరించవలసి వచ్చింది. 2010లో ఆక్సీకాంటిన్‌ను పొడిచేయడం కష్టమయ్యేలా మార్చినప్పుడు, వ్యసనపీడితులలో పలువురు హెరాయిన్ వైపు మళ్లారు. సరఫరాను మాత్రమే శత్రువుగా చూపే కథనం ఈ రెండో అంకాన్ని ఊహించలేదు.

6. తెలుగు పాఠకుడి సందర్భం:
తెలుగులో ‘మందు’ అనే మాట ఔషధానికీ చెల్లుతుంది, మద్యానికీ చెల్లుతుంది. ‘మందు పెట్టారు’ అంటే వశీకరణం, ‘పురుగుమందు’ అంటే విషం. ఇంత విశాలమైన మాటకు ‘మత్తు’ చేరగానే శస్త్రచికిత్సలో ఇచ్చేదీ, వీధిలో అమ్మేదీ ఒకటే పేరుతో వార్తలకెక్కుతాయి. ఇక అవధానం తెలుగువారికి సాధనతో సిద్ధించే విద్య. కనుక దాని లోపం రుగ్మతగా కంటే క్రమశిక్షణ లేమిగా తోచడం సహజం. వ్యసనమూ మనోబలం లేమిగానే తోస్తుంది. ఈ రెండింటికీ మందు అవసరమంటే పుట్టే అనుమానం మూలం ఒక్కటే. భారతదేశపు ఎన్‌డీపీఎస్ చట్టం (1985) పట్టికలో అవధానలోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, వ్యసన చికిత్సకు ఇచ్చే బ్యూప్రినార్ఫిన్ రెండూ ఉన్నాయి. అమెరికా కథను యథాతథంగా దిగుమతి చేసుకుంటే, ఇక్కడ నష్టపోయేది అతిగా మందు వాడేవాడు మాత్రమే కాదు, అవసరమై కూడా అడగలేనివాడు.

7. ముగింపు:
• కంపెనీల ప్రచారం, బలహీన ఆధారాల వ్యాప్తి విషయంలో రెండు గ్రంథాల పోలిక సప్రమాణం. ఆ మేరకు రెండూ విలువైన రచనలు.
• ఓపియాయిడ్లకు సరిపోయిన ఉపద్రవ కథన చట్రం ఉత్తేజక మాత్రలకు పూర్తిగా అమరదు. రుగ్మత వాస్తవికతను అంగీకరించిన ష్వార్జ్ సైతం చట్రం ఒత్తిడికి లోబడ్డారు.
• మందుపై ఆధారపడటాన్నీ వ్యసనాన్నీ వేరుచేసి చూపిన మేసీ, ఆ వివేచనను ఉత్తేజక మాత్రలు వాడినవారికి అందించలేదు. ‘డోప్‌సిక్’ను విమర్శించడానికి తగిన కొలమానం ‘డోప్‌సిక్’లోనే ఉంది.
• ఏ మందు మంచిది, ఏది చెడ్డది అన్న ప్రశ్నకు బదులు ఎవరికి, ఎంత, ఎవరి పర్యవేక్షణలో అన్న ప్రశ్నను నిలిపే రచన తెలుగులో రావలసి ఉంది. బాగుపడినవాడికి కూడా ఆ రచనలో పాత్ర ఉండాలి.