ఫోనులో గోండి పాట: ఎలా వినాలి?

ఇప్పుడు ఆదిలాబాద్ గూడేల్లో పెళ్లి జరిగితే డీజే పెట్టెల్లోంచి గోండి పాట వినిపిస్తున్నది. పిల్లల ఫోన్లలోనూ అవే పాటలు. కీబోర్డు, ప్యాడ్ దెబ్బ, గొంతును మార్చే యంత్రం అన్నీ ఉంటాయి. నలభై దాటిన మా తోటివాళ్లు చాలామంది కొంచెం విని, "ఇది మన పాట కాదు" అంటున్నారు. ఆ మాట అనేముందు మన చెవుల సంగతి కూడా చూసుకోవాలని మా అభిప్రాయం.

మా తరం చిన్నతనంలోనే ఆశ్రమ పాఠశాలలకు పోయింది. అక్కడ ప్రార్థన తెలుగులో, పాఠం తెలుగులో, శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి. ఇంటికి వచ్చేది సెలవులకే. దీపావళికి దండారి ఆట చూశాము, డోలు విన్నాము. కానీ పనిపాటల్లో ఆడవాళ్లు పాడేవి, రాత్రంతా పర్ధాన్ కిక్రి వాయిస్తూ చెప్పే సగల కథలు మాకు ముక్కలు ముక్కలుగానే అందాయి. తరువాత ట్రైనింగు, ఉద్యోగం, బదిలీలు. మేము "అసలు పాట" అంటున్నది చాలావరకు పండుగ సెలవుల జ్ఞాపకం. కొత్త పాటను కొలవడానికి ఆ జ్ఞాపకం ఒక్కటే చాలదు.

వాయిద్యం కొత్తదా పాతదా అన్నది మాకు పెద్ద ప్రశ్న కాదు. మొదట భాషను చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 30 లక్షలు. అయినా ఎనిమిదో షెడ్యూలులో మన భాషకు చోటు లేదు. నాలుగైదు రాష్ట్రాల మధ్య మనం చీలిపోయి ఉన్నాము. ఇప్పుడు చంద్రపూర్ పాట, గడ్చిరోలి పాట, బస్తర్ పాట ఉట్నూరు పిల్లవాడి ఫోనులోకి వస్తున్నాయి. కొన్ని మాటలు వాడికి అర్థం కావు, అయినా వింటాడు, అడుగుతాడు. బడిలో గోండి మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలు బస్సులో గోండి పాటను గట్టిగా పెడుతున్నారు. ఇది చిన్న లాభం కాదు. అయితే చాలా పాటల్లో పల్లవి ఒక్కటే గోండి. చరణంలోకి పోతే సినిమా వరస, హిందీ మాటలు, పిల్ల నవ్వు, పిల్ల నడక. చేను లేదు, అడవి లేదు, చుట్టరికం లేదు. ఇక్కడ విమర్శ చేయవలసిందే.

రెండోది ఆట. దండారిలో డోలు కొట్టేవాడు గుస్సాడి కాళ్లను చూస్తూ కొడతాడు. ఆటగాడు అలసితే దెబ్బ నెమ్మదిస్తుంది, ఊపు వస్తే పెరుగుతుంది. పెప్రె ఊదేవాడూ ఆ గుంపులోని మనిషే. యంత్రం ఎవరినీ చూడదు. ఒకే వేగంతో పోతుంది, ఆడేవాళ్లే దాని వెంట పరుగెత్తాలి. మాకు కీబోర్డు మోత కన్నా ఇదే పెద్ద నష్టంగా కనిపిస్తున్నది. నిజం డోలు, నిజం పెప్రె పెట్టి రికార్డు చేసిన పాట వస్తే ముసలివాళ్ల కాళ్లు కూడా కదులుతాయి. అలాంటి పాటలు ఉన్నాయి, తక్కువగా ఉన్నాయి.

మూడోది మనిషి. పర్ధాన్లు, తోటీలు మన సగల చరిత్రను తరతరాలుగా కంఠంలో మోశారు. గింజలో, పశువో, రూపాయలో ఇచ్చి మనం వాళ్లను గౌరవించేవాళ్లం. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడి కోసం 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయల డోలి గాయకుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. రాత్రంతా సాగే కథ నాలుగు నిమిషాల పాటలో పట్టదు. పట్టాలని మేము కోరడం లేదు. కానీ పాత వరస తీసుకుని పాడుతున్నప్పుడు అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు పాట కింద వేయాలి. వచ్చిన డబ్బులో వారికి వాటా ఇవ్వాలి.

ఉపాధ్యాయులుగా మనం చేయగలిగిన పని ఉంది. పిల్లలకు నచ్చిన గోండి పాటను వాళ్లతోనే బోర్డు మీద తెలుగు లిపిలో రాయించవచ్చు. తెలియని మాటలను ఇంట్లో అవ్వను అడిగి రమ్మనవచ్చు. కిక్రి వాయించే పర్ధాన్‌ను పిలిచి, కూలి పోకుండా డబ్బు ఇచ్చి, ఫోనులో పాడే కుర్రవాళ్లను ఆయన పక్కన కూర్చోబెట్టవచ్చు. ఆ రోజు మనమూ వెనక బెంచీలో కూర్చుని వినాలి. మన చదువులో ఆ పాఠం ఇంకా మిగిలే ఉంది.