గడియ నియమము

గడ్డిఅన్నారము, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలో ఉద్యోగపరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థలు విస్తారముగా నున్నవి. వానిని నమ్మి వచ్చిన యువతీయువకులు అద్దెగదులలో నివసించుచు, దినమునకు ఇన్ని గంటలు చదివితిమని లెక్క చెప్పుకొందురు. గంటల మొత్తమే విద్యకు కొలబద్ద యగునా? ఈ సందేహమునకు సమాధానముగా విద్యార్థిలోకమున ప్రచారములో నున్న పద్ధతి యొకటి కలదు. దాని గుణదోషములను విచారింతము.

1980వ దశకాంతమున ఫ్రాంచెస్కో చిరిల్లో అను ఇటలీ విద్యార్థి, చదువున మనసు నిలువక, టమాటా ఆకారముగల వంటింటి గడియారమును ముందుంచుకొని కూర్చుండెను. అందుండి పుట్టినదే పొమొదోరో పద్ధతి. ఆ పదమునకు ఇటలీ భాషలో టమాటా యని యర్థము. 25 నిమిషములు పని, 5 నిమిషములు విశ్రాంతి; ఇట్లు నాలుగుమారులైన పిమ్మట 15 మొదలు 30 నిమిషముల దీర్ఘవిశ్రాంతి. నడుమ పని చెడినచో ఆ భాగము లెక్కకు రాదు.

ఈ కొలత మనకు క్రొత్తది గాదు. మన గడియ 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నె నీటిపై తేలి, నిండి, మునుగునంతలో గడియ గడచెడిది.

పెద్దగ్రంథమును చూచి జడియు మనసు ఒక్క గడియకు జడియదు. ఇది దీని ప్రధానగుణము. లెక్కలు చేయుటకు, పాఠము వల్లించుటకు ఇది తగియున్నది. రచనకు మాత్రము చాలదు. కథలో పాత్ర నోరు విప్పుటకే అరగంట పట్టవచ్చును. అప్పుడు గంట మ్రోగెనని లేచిపోవుట అవివేకము. అట్టి పనికి రెండు గడియల ముహూర్తము, అనగా 48 నిమిషములు, మేలని మా యభిప్రాయము. మరునాడు ఎచ్చట మొదలిడవలెనో ఒక వాక్యము వ్రాసి లేచుట ఇంకను మేలు.

అన్నిటికంటె పెద్దలోపము వేరొకటి. కాలము తనదే యైనవానికి ఈ నియమము సుకరము. ఇంట చదువుకొను కోడలి మాటేమి? పాలు పొంగును, బిడ్డ యేడ్చును, మామగారు మంచినీళ్లడుగుదురు. ఆటంకపరచినవారితో తరువాత మాటలాడుదుమని చెప్పి సర్దుకొమ్మని చిరిల్లో బోధించును. కార్యాలయమున నది చెల్లును. ఏడ్చు బిడ్డతో చెల్లునా? ఈ లెక్క ప్రకారము ఆమె దినమంతయు శ్రమించియు ఏమియు చేయనిదగును. రచయిత్రికి సొంతగది కావలెనని వర్జీనియా వుల్ఫు 1929లో వాదించినది. ఆ గది తలుపు తట్టని బంధువులును కావలెనని మేమందుము.

కావున గృహస్థులకు మా మనవి యిది. దినమునకు రెండు గడియలు ఆమెవని ఇంటిల్లిపాదియు నొప్పుకొనవలెను; ఆ సమయమున పొయ్యియు బిడ్డయు పురుషుల వంతు కావలెను. ఈ యొప్పందము లేని ఇంట ఎంత మంచి గడియారమైనను ఆమె చెడిన గడియలను లెక్కించుటకే పనికివచ్చును.