‘యజమాని – సమూహం – ఇతరులు’: ఫైలు అనుమతుల తెలుగు పరిభాష, తెలంగాణ భూరికార్డుల అనుభవం

వ్యాస సంగ్రహం:
పలువురు కలిసి వాడే కంప్యూటర్‌ వ్యవస్థలో ఒక ఫైలును ఎవరు చదవాలి, ఎవరు దిద్దాలి అని నిర్ణయించే ఏర్పాటే అనుమతుల నిర్వహణ. ఈ ఏర్పాటుకు తెలుగులో వాడుతున్న మాటలను తెలంగాణ రెవెన్యూ పదజాలంతో పోల్చి, వాటి బలాబలాలను విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ధరణి పోర్టల్‌ను ఇందుకు ఉదాహరణగా స్వీకరించాను.

కీలక పదాలు: పరిభాష, అనుమతి, హక్కు, పట్టాదారు, అనుభవదారు, ధరణి, భూభారతి.

1. ప్రవేశిక
పారిభాషిక పదాల చర్చ మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా సంస్కృత పదమా, దేశ్య పదమా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఒక పదం తన వెంట ఏ సామాజిక భావనను మోసుకొస్తుందన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. నిజామాబాద్‌ జిల్లా ధర్పల్లి వంటి మండలంలో వరి, పసుపు పండించే రైతుకు ‘రికార్డును ఎవరు చూడగలరు, ఎవరు మార్చగలరు’ అన్నది సాంకేతిక విషయం కాదు. అది భూమి విషయం. కాబట్టి ఈ పరిభాషను అక్కడి నుంచే పరిశీలించడం సమంజసం.

2. యూనిక్స్‌ నమూనా
1969లో బెల్‌ ల్యాబ్స్‌లో కెన్‌ థాంప్సన్‌, డెన్నిస్‌ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో ప్రతి ఫైలుకు ఒక ఓనర్‌, ఒక గ్రూప్‌ ఉంటారు. ఆ రెండింటిలోనూ చేరనివారు మూడో వర్గం. ఒక్కొక్క వర్గానికి చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులను విడివిడిగా ఇవ్వవచ్చు. వీటి విలువలు వరుసగా 4, 2, 1. ఒక ఫైలుకు 640 అని నిర్ణయిస్తే ఓనర్‌ చదివి రాయగలడు, గ్రూపు సభ్యులు చదవగలరు, మిగిలినవారికి ఏ ప్రవేశమూ లేదు. ఈ అనుమతులను మార్చే అధికారం ఓనర్‌కూ, ‘రూట్‌’ అనే సర్వాధికార ఖాతాకూ మాత్రమే ఉంటుంది.

వీటిని ‘యజమాని, సమూహం, ఇతరులు’ అనీ, ‘చదువు, రాయి, నడుపు’ అనీ అనువదించడం పరిపాటి. ఇందులో రెండు లోపాలు వెంటనే కనిపిస్తాయి. ‘సమూహం’ అంటే గుంపు. దానికి పేర్ల పట్టీ ఉండదు. గ్రూప్‌కు మాత్రం కచ్చితమైన సభ్యుల జాబితా ఉంటుంది. అలాగే డైరెక్టరీ విషయంలో మూడో అనుమతికి అర్థం దాని లోపలికి వెళ్లగలగడం. అక్కడ ‘నడుపు’ అనే మాట అర్థాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

3. ‘యజమాని’ అన్న మాటతో వచ్చిన చిక్కు
తెలంగాణ రెవెన్యూ పదజాలం ఈ విషయంలో మరింత సూక్ష్మమైనది. పహాణీలో పట్టాదారు వేరు, అనుభవదారు వేరు. పేరు ఒకరిది, సాగు మరొకరిది కావచ్చునన్న వాస్తవాన్ని ఆ రికార్డు గుర్తించింది. ఇక ఆ పహాణీని రాసే పట్వారీకి అందులోని భూమిపై హక్కు లేకున్నా కలం ఆయన చేతిలోనే ఉండేది. ఆ కలం బలమే పట్వారీ పెత్తనానికి మూలం. అంటే హక్కు, అనుభవం, లేఖనం అనే మూడూ వేర్వేరు చేతుల్లో ఉండగలవని ఈ పదజాలానికి తెలుసు. ‘యజమాని’ అన్న ఒక్క మాట ఈ తేడాలను చెరిపేస్తుంది.

‘అనుమతి’ అన్న మాటకు కూడా ఇదే పరిమితి ఉంది. అనుమతి ఒకరు ఇచ్చేది, ఇచ్చినవారు తిరిగి తీసుకోగలిగేది. కౌలుదారు సాగు అలాంటిది మాత్రమే కాదు. అది పొలంలో కంటికి కనిపించే వాస్తవం. అనుమతుల భాషలో ఆ వాస్తవానికి చోటు లేదు.

4. ధరణి: ఒక పరిశీలన
2020 అక్టోబర్‌ 29న ప్రారంభమైన ధరణిలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌, మ్యుటేషన్‌ రెండూ తహసీల్దార్‌ కార్యాలయంలోనే జరిగేలా ఏర్పాటు చేశారు. అదే ఏడాది గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యాయి. రాసే చేతులను తగ్గిస్తే అక్రమాలు తగ్గుతాయన్నది అప్పటి వాదన. దీన్ని కొట్టిపారేయలేం. 1975లో సాల్ట్జర్‌, ష్రోడర్‌ ప్రతిపాదించిన ‘కనిష్ఠ అధికార సూత్రం’ కూడా ప్రతి వినియోగదారునికీ తన పనికి అవసరమైనంత అధికారమే ఉండాలంటుంది.

అయితే ఈ సూత్రానికి రెండు అంచులు ఉన్నాయి. అవసరానికి మించిన అధికారం ఎంత తప్పో, పని అప్పగించి దానికి తగిన అధికారం ఇవ్వకపోవడం అంతే తప్పు. ధరణిలో అనేక సవరణలు కలెక్టర్‌ స్థాయికి చేరాయి. సర్వే నంబరు గురించి తెలిసిన తహసీల్దార్‌ చదవగలిగినా దిద్దలేని స్థితి ఏర్పడింది. 2024 ఫిబ్రవరి చివరలో ప్రభుత్వం ఈ అధికారాలను తహసీల్దార్‌, ఆర్డీవో, అదనపు కలెక్టర్లకు పంచడం ఆ లోపానికి అంగీకారమే.

మరో మార్పు ఇంకా లోతైనది. రికార్డులో అనుభవదారు గడి లేకుండా పోయింది. యూనిక్స్‌ ఫైలులో లాగే పేరున్నవాడే సర్వస్వం అయ్యాడు. 2018లో పంటకు ఎకరానికి 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలుదారుకు అందలేదు. ఒక గడి ఉండటం, లేకపోవడం ఎంత బరువైన విషయమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

5. జట్టు సభ్యత్వం
కౌలుదారును రికార్డులోకి తెచ్చే ప్రయత్నం లేకపోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం చేసిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకు ఏడాది కాలపరిమితితో రుణ అర్హత కార్డులు ఇచ్చే వీలు కల్పించింది. కంప్యూటర్‌ భాషలో చెప్పాలంటే ఇది ఓనర్‌ను మార్చకుండా, గడువుతో కూడిన గ్రూపు సభ్యత్వం ఇవ్వడమే. పట్టా చెక్కుచెదరదు, సాగుదారు కనబడతాడు. పట్టాదారు భయానికీ సాగుదారు అవసరానికీ మధ్య ఇంతకన్నా పొందికైన నమూనా కనిపించదు. అయినా కార్డుల పంపిణీ మందగించింది. నమూనా ఉండటం వేరు, దాన్ని అమలుచేసే సంకల్పం వేరు.

6. ముగింపు
పై పరిశీలన ఆధారంగా కొన్ని ప్రతిపాదనలు చేయవచ్చు. ఓనర్‌కు ‘యజమాని’ బదులు ‘ఖాతాదారు’ అనడం మేలు; అది పేరును సూచిస్తుంది గానీ సర్వాధికారాన్ని సూచించదు. గ్రూప్‌కు సభ్యత్వాన్ని స్ఫురింపజేసే ‘జట్టు’ తగిన మాట. మూడో వర్గానికి ‘ఇతరులు’ కన్నా ‘మిగిలినవారు’ సరైనది. మొదటి రెండు వర్గాలను చూశాకే వ్యవస్థ వారి దగ్గరకు వస్తుంది. డైరెక్టరీ విషయంలో మూడో అనుమతిని ‘ప్రవేశం’ అనాలి.

2025 ఏప్రిల్‌ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు వ్యవస్థను తిరిగి కల్పించింది. ప్రయోగాత్మకంగా ఎంపికైన నాలుగు మండలాల్లో పూర్వపు నిజామాబాద్‌ జిల్లాకు చెందిన లింగంపేట ఒకటి. తప్పు రాతను ప్రశ్నించే దారి తెరవడం స్వాగతించదగినదే. కానీ రికార్డులో పేరులేని సాగుదారుకు ఆ దారి ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది ప్రశ్నే. దున్నేవాడిని ‘మిగిలినవారి’లో కలిపివేసే ఏ వ్యవస్థనైనా, దాని భాషతో సహా, విమర్శకు పెట్టవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులపైనా ఉంది.