7.5 సెన్సర్ డ్రైవర్ల రూపకల్పన: విమర్శనాత్మక పరిశీలన

మదర్‌బోర్డుపై ఉష్ణోగ్రత, వోల్టేజి, ఫ్యాన్ వేగం కొలిచే చిప్పుల కోసం లైనక్స్‌లో ‘హెచ్‌డబ్ల్యూమాన్’ అనే ఉపవ్యవస్థ ఉందని గత భాగంలో తెలుసుకున్నారు. చిప్పు ఏదైనా వోల్టేజిని మిల్లీవోల్టులలో, ఉష్ణోగ్రతను డిగ్రీ సెల్సియస్‌లో వెయ్యో వంతులలో ఇది ఫైళ్ల రూపంలో అందిస్తుంది. ఈ ఏకరూపత మెచ్చదగినదే. అయితే ఫైలులో కనిపించే అంకె నిజంగా దేని కొలత?

ఒక ఉదాహరణ చూద్దాం. ఐటీ87 శ్రేణిలోని పాత చిప్పులు 0 నుంచి 4.08 వోల్టుల వరకే, 0.016 వోల్టు మెట్లలో కొలుస్తాయి. కాబట్టి 12 వోల్టుల సరఫరాను నేరుగా కలపకుండా, బోర్డు తయారీదారులు రెండు నిరోధకాలతో విభజిస్తారు. సరఫరా వైపు 30, భూమి వైపు 10 కిలో ఓములు ఉంటే చిప్పుకు 3 వోల్టులే చేరుతాయి. ఫైలులో సుమారు 3000 కనిపిస్తుంది. అసలు విలువ కోసం దానిని 4తో గుణించాలి. మరో బోర్డుపై అదే చిప్పుకు వేరే నిరోధకాలు ఉండవచ్చు. అంటే డ్రైవర్‌కు చిప్పు తెలుసు, బోర్డు తెలియదు.

అందుకే గుణకాన్ని కెర్నెల్‌లో రాయకుండా, ‘ఎల్‌ఎం-సెన్సర్స్’ అమరిక ఫైలులోని ‘కంప్యూట్’ వాక్యానికి వదిలారు. తెలియని విషయాన్ని ఊహించి రాయకపోవడం సరైన నిర్ణయం. లోపం మరోచోట ఉంది. ఇది చిప్పు పిన్ను వద్ద కొలిచిన విలువ మాత్రమేనని కెర్నెల్ పత్రాలు చెబుతాయి కాని, అంకె పక్కన ఆ గుర్తు ఉండదు. థర్మిస్టర్‌ను థర్మల్ డయోడ్‌గా అమరిస్తే వచ్చే తప్పు ఉష్ణోగ్రత కూడా సరైనదానిలాగే కనిపించవచ్చు. దానిని నమ్మి ఫ్యాన్‌ను నడిపే ప్రోగ్రామ్ యంత్రాన్ని వేడెక్కనిస్తుంది. పైగా 4తో గుణించాక ఒక్కో మెట్టు 64 మిల్లీవోల్టులవుతుంది. అంతకంటే సూక్ష్మమైన మార్పులను ఆ అంకెల్లో వెతకడం వృథా.

‘ఐఐఓ’ ఉపవ్యవస్థ ఇందుకు భిన్నం. అందులో చాలా డ్రైవర్లు ముడి విలువను, గుణకాన్ని వేర్వేరు ఫైళ్లలో ఇస్తాయి. నిరోధకాల విలువలను బోర్డు వివరణ అయిన డివైస్ ట్రీలోనే నమోదు చేయవచ్చు. ఎంబెడెడ్ బోర్డులకు ఇది చక్కని మార్గం. డివైస్ ట్రీ వాడని సాధారణ పీసీలకు మాత్రం ఈ సౌకర్యం అందదు.

కాబట్టి ప్రామాణికం కాని సెన్సర్‌కు డ్రైవర్ రాయడంతోనే పని పూర్తికాదు. దానిని బోర్డుపై ఎలా కలిపారో ఎవరు, ఎక్కడ నమోదు చేస్తారన్నదే అసలు సమస్య.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

ఒక బోర్డుపై సరఫరా వైపు 6.8, భూమి వైపు 10 కిలో ఓముల నిరోధకాలున్నాయి. ఫైలులో 2976 కనిపించింది. అసలు వోల్టేజి ఎంత? ఈ గుణకాన్ని డ్రైవర్‌లోనే రాస్తే కలిగే నష్టమేమిటి?