చేనుకాపలా తుపాకీ, చట్టంలో దాని పనితనం

ఉదయగిరిలో పనితనం అనగానే చెక్క చెంచాలు, గరిటెలు చేసే చేతులు గుర్తొస్తాయి. ఆ పేరు న్యాయంగా వచ్చిందే. నేను పరిచయం చేయబోయేది మాత్రం కాగితం మీది పనితనం. 1959 నాటి ఆయుధాల చట్టం, 13వ సెక్షన్, మూడో ఉపసెక్షన్. చేనుకు కాపలా కాసే రైతు తుపాకీ గురించి పార్లమెంటు అందులో కొన్ని మాటలు రాసింది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్ల నుంచి చూస్తే ఆ మాటల విలువ బాగా తెలుస్తుంది.

పడమట వెలిగొండలు, వాటి కింద అడవి, అడవిని ఆనుకుని చేలు. వేరుశనగ ఊడలు దిగాక అడవి పందుల మంద ఒక్క రాత్రి పడితే చాలు, చేను దున్నేసినట్టు అయిపోతుంది. మంచె వేసుకుని అరవడం, డబ్బాలు వాయించడం, టపాకాయలు కాల్చడం, చేను చుట్టూ పాత చీరలు కట్టడం రైతుకు తెలిసిన ఉపాయాలు. విసిగిపోయినవాళ్లు కొందరు కరెంటు తీగ లాగుతారు. దానికి పందులే కాదు, తెల్లారగట్ల చేలోకి వచ్చిన మనుషులూ బలవుతారు. రైతు చేతికి ఏ సాధనం ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి అన్నది అందుకే ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

చట్టం దీనికి చెప్పిన జవాబు చూడండి. ఆత్మరక్షణకు, వేటక్రీడకు అయితే గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీ. నిజంగా పంట కాపాడుకోవడానికి అయితే మూతివైపు నుంచి మందు కూరి కాల్చే తుపాకీ. భారత పౌరుడు వీటికి దరఖాస్తు పెడితే లైసెన్సు ఇవ్వడం అధికారి బాధ్యత. మిగతా ఆయుధాలు చాలావాటికి దరఖాస్తుదారు తగిన కారణం చూపి అధికారిని ఒప్పించుకోవాలి. పంట కాపలాకు వచ్చేసరికి ఆ కారణమేదో చట్టమే ముందుగా ఒప్పేసుకుంది.

మనిషి గుణాన్ని తూచడం కష్టం. అందుకే ముసాయిదా రాసినవాళ్లు వస్తువు ఆకారాన్ని పట్టుకున్నారు. నున్నటి గొట్టానికి లోపల మెలి తిరిగిన గాడులు ఉండవు కాబట్టి గుండు ఎక్కువ దూరం సూటిగా పోదు. ఇరవై అంగుళాల గొట్టాన్ని చొక్కా కింద దాచుకుని తిరగలేరు. మూతి నుంచి కూరే తుపాకీ ఒకసారి పేలితే మళ్లీ మందు పోయాలి, చువ్వతో దట్టించాలి. పందుల మందను బెదరగొట్టడానికి ఆ ఒక్క మోత చాలు. పగ తీర్చుకోవాలనుకునేవాడికి మాత్రం అది చాలా నిదానమైన సాధనం. ఒక్క కొలత, ఒక్క రకం పేరుతో చట్టం కాపలాకూ హత్యకూ మధ్య దూరం పెంచింది. ఆ తుపాకీ చాలదని అధికారికి నమ్మకం కలిగితే పంట కోసమే నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వవచ్చని కింద ఒక మినహాయింపు కూడా ఉంది.

పక్కనే 14వ సెక్షన్. ప్రజా శాంతికి, భద్రతకు ముప్పు అనిపిస్తే లైసెన్సు నిరాకరించాలని చెబుతూనే, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ కాదనకూడదని అది కట్టడి చేసింది. ఎకరం మెట్ట మాత్రమే ఉన్న రైతుకు ఈ వాక్యం పెద్ద అండ. నిరాకరిస్తే కారణాలు రాతలో పెట్టాలి. ప్రజా ప్రయోజనానికి అడ్డు కాకపోతే, అడిగినప్పుడు వాటిని క్లుప్తంగా తెలియజేయాలి. పేదవాడి చేతిలో ఆయుధాన్ని అనుమానంగా చూసిన బ్రిటిష్ పాలన తర్వాత ఇలాంటి వాక్యం రాయడానికి మనసు ఉండాలి.

ఆ పాత అనుమానం ఉదయగిరికి కొత్త కాదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కుట్ర పన్ని కోటలో ఆయుధాలు పోగేశాడని ఈస్టిండియా కంపెనీ ఆయన రాజ్యాన్ని లాగేసుకుంది. ఆ కుట్రలో చేతులు కలిపాడన్న అభియోగం మీద ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ జాగీరూ పోయింది. 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలిపెట్టింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని పౌరుల హక్కుల్లో చేర్చడానికి నేపథ్యం ఈ అవమానమే. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కు చేయమన్నారు. అంబేడ్కర్ అంగీకరించలేదు, సవరణ వీగిపోయింది. అలా మన దగ్గర తుపాకీ రాజ్యాంగ హక్కు కాలేదు. రైతుకు మాత్రం చట్టంలో చోటు దొరికింది. ఈ రెండూ సరైన నిర్ణయాలేనని నా అభిప్రాయం.

ఇప్పుడు రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరవండి. ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలో ఐదో అంశం. చీడపీడల నుంచి పంట రక్షణతో కలిపి వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది, పోలీసూ అక్కడే. అడవులు, అడవి జంతువులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. తుపాకీ పట్టుకుని చేలో కూర్చున్న ఉదయగిరి రైతు ఒకే సమయంలో మూడు జాబితాల కింద ఉన్నాడు. అతని తుపాకీ మీద అమరావతి శాసనసభకు చట్టం చేసే అధికారం లేదు. లైసెన్సు కలెక్టర్ ఇచ్చినా అది కేంద్ర చట్టం కిందనే. పక్క రాష్ట్రంలోని కొడగులో కొడవ సమాజం వారికి, వంశపారంపర్య జమ్మా భూములున్నవారికి లైసెన్సు అక్కర్లేదన్న వెసులుబాటు ఉంది. అదీ కేంద్రం ఇచ్చిందే, 2029 దాకా పొడిగించిందీ కేంద్రమే.

అమెరికాలో రాష్ట్రాలు కేంద్ర, రాష్ట్ర అధికారాల మధ్య ఉన్న ఈ గీత మీదే కయ్యానికి దిగాయి. మా రాష్ట్రంలో తయారై రాష్ట్రం దాటని తుపాకీకి కేంద్ర చట్టం వర్తించదని మోంటానా 2009లో చట్టం చేసింది. అప్పీళ్ల కోర్టు 2013లో దాన్ని ఒప్పుకోలేదు. మిస్సోరి 2021లో ఇంకా ముందుకెళ్లింది. కొన్ని కేంద్ర తుపాకీ చట్టాలు తమ రాష్ట్రంలో చెల్లవని ప్రకటించి, వాటి అమలుకు సాయపడే పోలీసు సంస్థలకు యాభై వేల డాలర్ల జరిమానా పెట్టింది. 2024లో అప్పీళ్ల కోర్టు అది చెల్లదన్న తీర్పును సమర్థించింది. కేంద్రం పనికి రాష్ట్రం తన పోలీసులను పంపనక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. సాయం చేయకపోవడం రాష్ట్రం చేతిలో ఉంది, కేంద్ర చట్టాన్ని రద్దు చేయడం దాని చేతిలో లేదు. మిస్సోరి ముసాయిదా ఈ తేడాను చెరిపేసింది, అందుకే నిలవలేదు.

మన రాజ్యాంగం ఇలాంటి పట్టుదలకు ముందే ఒక దారి వేసింది. ఉమ్మడి జాబితాలోని అంశం మీద రాష్ట్రం చేసిన చట్టం కేంద్ర చట్టంతో తగువు పడినా, రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం పొందితే 254(2) అధికరణ కింద ఆ రాష్ట్రంలో అదే చెల్లుతుంది. తర్వాత పార్లమెంటు దాన్ని మార్చవచ్చు. తుపాకీ ఈ దారిలోకి రాదు, అడవి పంది వస్తుంది.

ఇక్కడ మరో మెలిక ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నాటికి అడవి జంతువులు రాష్ట్రాల అంశం. మీరే చట్టం చేయండని కొన్ని రాష్ట్రాలు తీర్మానాలు చేసి పార్లమెంటుకు అధికారం అప్పగించాయి. ఆ చట్టం అప్పటి పీఠికలో మొదటి పేరు ఆంధ్రప్రదేశ్‌ది. అలా అప్పగించి చేయించుకున్న చట్టాన్ని రాష్ట్రం తిరిగి మార్చకూడదని 252(2) అంటుంది. 1976లో 42వ సవరణ ఆ అంశాన్ని ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది. ఈ రెండు పొరలను ఎలా కలిపి చదవాలన్నది బరువైన ప్రశ్న. 2025లో కేరళ శాసనసభ ఉమ్మడి జాబితా దారినే పట్టి వన్యప్రాణి చట్టానికి తన సవరణ బిల్లును ఆమోదించింది. కొన్ని జంతువులను హానికరమైనవిగా ప్రకటించే అధికారం ఇప్పుడు కేంద్రానిది. దాన్ని రాష్ట్రానికి తేవాలన్నది బిల్లు ఉద్దేశం. రాష్ట్రపతి ఆమోదం లేకుండా అది చెల్లదని కేరళకు తెలుసు. మిస్సోరికీ కేరళకూ మధ్య తేడా అదే.

1972 చట్టంలోనూ మెచ్చదగ్గ పని ఉంది. మనుషుల ప్రాణానికో ఆస్తికో ప్రమాదమైన జంతువును చంపడానికి 11వ సెక్షన్ అధికారికి అనుమతించే వీలిచ్చింది. ఆస్తి అన్నచోట పొలంలో నిలబడి ఉన్న పంట కూడా వస్తుందని విడమరిచి రాసింది. ఆ మాట లేకపోతే పందులు పాడుచేసిన వేరుశనగను ఆస్తిగా నిరూపించడానికి రైతు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది.

లోపం ఈ రెండు చట్టాల అతుకులో ఉంది. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే అనుమతి రాదు, దానికి అటవీ శాఖ నుంచి వేరే ఉత్తర్వు కావాలి. కలెక్టరేటు చుట్టూ తిరిగి ఒక కాగితం, అటవీ అధికారుల చుట్టూ తిరిగి మరొకటి. ఈలోగా పంట పోతుంది. 1959లో పంట కాపలాను గుర్తించిన చట్టానికీ, 1972లో నిలబడ్డ పంటను ఆస్తి అన్న చట్టానికీ మధ్య ఒక వంతెన వాక్యం ఎవరూ రాయలేదు.

ఆ వాక్యం రాయాల్సింది మన శాసనసభ. ఉదయగిరి, ఆత్మకూరు ప్రతినిధులు దాన్ని అడగాలి. పంట కాపలా లైసెన్సు ఉన్న రైతు దరఖాస్తు పెడితే ఇన్ని రోజుల్లో అటవీ అధికారి చేను చూసి, రాతపూర్వకంగా అవునో కాదో చెప్పాలి. చనిపోయిన జంతువు లెక్క ప్రభుత్వానికి చేరాలి. అడవికీ రైతుకూ ఇద్దరికీ న్యాయం చేసే ఆ బిల్లును 254(2) కింద రాష్ట్రపతికి పంపాలి. కేంద్రానికి సవాలు విసరడానికి గొంతు చాలు. ఆ సవాలు నిలబడాలంటే మాత్రం 1959లో ఆ క్లాజు రాసినవాళ్లకు ఉన్నంత శ్రద్ధ కావాలి.