దొర, ముదీర్, అన్న – కొరియా టీవీ నాటకాలపై ఒక ప్రేక్షకురాలి అభిప్రాయం

కువైట్ నగరానికి పడమటగా, జహ్రా ప్రాంతంలో అమ్ఘరా అనే చోటు ఉంది. పాత ఇనుప సామాను గుట్టలు, కలప అడితీలు, కర్మాగారాలు, వాటి మధ్య పనివారి వసతులు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా కువైట్‌లో ఉన్నందున బడి సెలవుల్లో అతని దగ్గరకు వెళ్ళాను. ఒక శుక్రవారం సాయంత్రం, అతనికి పరిచయమున్న రాయచోటివాళ్ళను పలకరించడానికి అమ్ఘరా వెళ్ళాం. రెండంతస్తుల ఇనుప మంచాలు వేసిన చిన్న గది. బియ్యం డబ్బాకు ఒక ఫోను ఆనించి, నలుగురు దానిముందు కూర్చుని ఉన్నారు. సినిమా కాబోలు అనుకున్నాను. కాదు. 'స్క్విడ్ గేమ్' అనే కొరియా నాటకం, హిందీ మాటలతో. హిందీ బాగా వచ్చిన ఒకాయన మిగతావాళ్ళకు అప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నాడు.

ఆ గంటసేపు విన్నదే ఈ వ్యాసానికి కారణం. కొరియా నాటకాలను నేను ఇరవై ఏళ్ళకు పైగా చూస్తున్నాను. విసుక్కుంటూ చూశాను, కంటతడితోనూ చూశాను. అయితే వాటిలో మనవారికి దక్కేది ఏమిటి, దక్కనిది ఏమిటి అని నిదానంగా ఆలోచించింది మాత్రం అమ్ఘరాలోనే.

మన మలేషియాలో ఈ మోజు 2002లో టీవీ3 చూపించిన 'వింటర్ సొనాటా'తో ఊపందుకుందని చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు మన ఇళ్ళలో టీవీ అంటే హిందీ, తమిళ సినిమాలు, మలాయ్ నాటకాలే. తోటల్లో పుట్టిన నా తరంవారికైతే మైదానంలో తెల్లగుడ్డ కట్టి వేసిన సినిమాలు. ఆ అలవాటుమీద మంచు కురిసే వీధులు, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్న నాయకుడు, పియానో మోత వచ్చి పడ్డాయి. మా బడి ఉపాధ్యాయినుల గదిలో మలాయ్, చైనా, భారతీయ స్త్రీలందరం ఒకే కథ గురించి మాట్లాడుకున్నది అప్పుడే మొదటిసారి.

ముందు ఫిర్యాదులు చెబుతాను. 'వింటర్ సొనాటా' 20 భాగాల కథ. నాయకుడు కారు ప్రమాదంలో చనిపోయాడంటారు. చనిపోలేదు, జ్ఞాపకం పోయి మరొక పేరుతో తిరిగి వస్తాడు. మరొక ప్రమాదం జరిగి జ్ఞాపకం తిరిగి వస్తుంది. అంతలో నాయికా నాయకులు ఒకే తండ్రి బిడ్డలేమో అన్న అనుమానం. అది తీరేసరికి నాయకుడికి చూపు పోతుంది! ఒక మనిషికి ఇన్ని ఆపదలు పెట్టిన రచయితలకు జాలి లేదనుకోవాలా, ఊహ లేదనుకోవాలా? జ్ఞాపకం పోవడం, చిన్ననాడు ఒకరినొకరు చూసుకుని ఉండడం, పెళ్ళి వద్దంటూ ధనవంతురాలైన తల్లి కవరులో డబ్బు పెట్టి బల్లమీద నెట్టడం, చివరి భాగానికి ముందు కారణం లేకుండా విడిపోవడం, 'కొన్ని సంవత్సరాల తరువాత' అని తెరమీద అక్షరాలు. ఇవి ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. మన తెలుగు సినిమాలలోనూ తలమీద దెబ్బ తగిలి గతం మరిచినవారు ఉన్నారు గనుక మనం మరీ నవ్వకూడదు. కాని మంచి నటులు, మంచి ఛాయాగ్రహణం ఉన్నచోట కథ ఇలా కుంటితే బాధ ఎక్కువ.

రెండవ ఫిర్యాదు మరింత గట్టిది. ధనవంతుడి కొడుకు, పేదపిల్ల అన్న కథ వీరికి తరగని గని. 2009లో వచ్చిన 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'లో కోటీశ్వరుడి కొడుకు పేదపిల్లను వేధిస్తాడు. ఆ వేధింపే ప్రేమగా మారుతుంది. 2023లో వచ్చిన 'కింగ్ ది ల్యాండ్'లో హోటలు యజమాని కొడుకు, హోటలు ఉద్యోగిని. ఈ కొడుకులు మంచివారైతే చాలు, ఆ సంపద ఎవరి చెమటతో వచ్చిందన్న ప్రశ్న తెరమీదకు రాదు. దొరబిడ్డ దయగలవాడైతే తోట కష్టాలు తీరుతాయని మన తాతలెవరూ నమ్మలేదు. మనం మాత్రం 16 భాగాలపాటు ఎందుకు నమ్మాలి?

అయినా చూస్తాం. ఎందుకు? నా మట్టుకు నాకు మొదటి కారణం భాష.

నేను తెలుగును ఇంట్లో విని, సంఘం తరగతుల్లో చదివి నేర్చుకున్నదాన్ని. 'మీరు', 'నువ్వు' అన్న భేదం పుస్తకంలో ఒక పాఠం. ఎవరిని ఎప్పుడు 'నువ్వు' అనాలి, అలా అన్నప్పుడు మనసులో ఏం కదులుతుంది అన్నది మాత్రం పుస్తకం చెప్పదు. కొరియా భాషలోనూ గౌరవపు మాట వేరు, చనువు మాట వేరు. క్రియ చివర మార్పుతో ఆ తేడా తెలుస్తుంది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు దగ్గరైనప్పుడు, ఇక చనువుగా మాట్లాడుకుందామా అని అడిగే ఘట్టం ఎన్నో నాటకాల్లో వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు చదువుకునేవారికి అక్కడ ఏమీ జరగదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఇద్దరూ 'యూ'లే. తెలుగువారికి మాత్రం అది పెద్ద సంఘటన. 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగడమంటే గుమ్మం దాటి వంటింట్లోకి రావడం!

వాక్యనిర్మాణం కూడా మనదే. కొరియా వాక్యంలోనూ క్రియ చివరే వస్తుంది. నటుడు వాక్యం మధ్యలో ఆగి, గుటక మింగి, ఆఖరి మాట పలికేవరకు అవునో కాదో తెలియదు. ఆ ఆగడం తెలుగులో చక్కగా ఒదుగుతుంది.

వావివరసల మాటలు మరీ ముచ్చటైనవి. తమ్ముడు అన్నను పిలిచే మాట 'హ్యాంగ్'. ఆడపిల్ల అన్నను పిలిచే మాట 'ఒప్పా'. అయితే ఆడపిల్ల తనకంటే పెద్దవాడైన స్నేహితుణ్ణి, ప్రియుణ్ణి కూడా 'ఒప్పా' అనే అంటుంది. దీనికి 'అన్నయ్య' అని తెలుగు చేస్తే కథ పాడవుతుంది. ప్రేమికుల చోట మన దగ్గర సిద్ధంగా ఉన్న మాట 'బావ'. దానిలో చనువు ఉంది, పెద్దరికం ఉంది, పరిహాసం ఉంది, పెళ్ళి ఆశ కూడా ఉంది. ఇప్పుడు తెలుగు మాటలతో కొరియా నాటకాలు వస్తున్నాయి. వాటికి మాటలు రాసేవారు పేరుపెట్టి పిలిపించి ఊరుకోక, చోటునుబట్టి 'బావ' అనీ 'అన్న' అనీ వాడితే ఎంత నిండుగా ఉంటుందో ఆలోచించాలని నా మనవి.

ఇక అమ్ఘరా గదికి వద్దాం. 'స్క్విడ్ గేమ్' 2021 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. రచన, దర్శకత్వం హ్వాంగ్ డాంగ్-హ్యుక్. తొలి భాగమాల 9 భాగాలు. అప్పుల్లో మునిగిన 456 మంది పిల్లల ఆటలు ఆడతారు, ఓడినవారిని చంపుతారు. నెత్తురు ఎక్కువ, పిల్లలకు తగదు. అందులో అలీ అనే పాకిస్తానీ కార్మికుడు ఉన్నాడు. కర్మాగారంలో వేళ్ళు పోగొట్టుకున్నాడు, యజమాని నెలల తరబడి జీతం ఇవ్వడు. పెనుగులాటలో యజమాని చెయ్యి యంత్రంలో పడుతుంది. అలీ డబ్బు తీసుకుని పారిపోయి, దానిని భార్య చేతిలో పెట్టి, బిడ్డతో స్వదేశానికి పంపేస్తాడు. ఈ పాత్ర వేసిన అనుపమ్ త్రిపాఠీ ఢిల్లీ రంగస్థలం నుంచి 2010లో కొరియాకు చదువుకోవడానికి వెళ్ళిన భారతీయ నటుడు.

సాంగ్-వూ అనే చదువుకున్న కొరియావాడు అలీకి బస్సు ఖర్చులిస్తాడు. అలీ అతణ్ణి 'సాజాంగ్‌నిమ్' అంటాడు. కంపెనీ యజమానిని పిలిచే మాట అది. కొన్నాళ్ళకు సాంగ్-వూ, అలా కాదు, 'హ్యాంగ్' అని పిలువు అంటాడు. అలీ ముఖం వెలిగిపోతుంది. ఆరవ భాగంలో గోళీల ఆట. అన్నా అని పిలిపించుకున్నవాడే అలీ గోళీలు కాజేసి, సంచిలో రాళ్ళు పెట్టి ఇస్తాడు. అలీ చనిపోతాడు.

రాయచోటి ఆయన 'సాజాంగ్‌నిమ్'కు ఏం చెప్పాడో తెలుసా? 'ముదీర్'. కువైట్‌లో పైఅధికారిని పిలిచే అరబ్బీ మాట. 'హ్యాంగ్' దగ్గర 'అన్నా' అన్నాడు. ఆలోచించకుండా నోటికి వచ్చినట్లు చెప్పిన అనువాదమే, కాని నేను చదివిన ఇంగ్లీషు అక్షరాలన్నిటికంటే అది గొప్పగా ఉంది. మా తాతగారు ఆ చోట 'దొర' అని ఉండేవారు.

ఆట ముగిశాక నేను ఉపాధ్యాయినిని గనుక ఊరుకోలేక ఒక విమర్శ చేశాను. “అలీ మరీ అమాయకుడు, బాబూ. అంత కష్టపడినవాడు అంత తేలిగ్గా నమ్ముతాడా? పరదేశి అంటే అమాయకుడు అని రచయిత అనుకున్నట్టుంది” అన్నాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, “అమాయకుడు గాదమ్మా. అన్నా అనమని చెప్పినాడు గదా. యాడో దూరాన ఉన్నోనికి ఆ మాట ఒకటి దొరికితే చాలు. నన్ను ఈడికి పంపినోడు గూడా ముందు అన్నా అనమనే చెప్పినాడు” అన్నాడు. ఆ పంపినవాడు డబ్బు తీసుకుని చెప్పిన పని ఒకటి, ఇక్కడ దొరికిన పని ఒకటి అట. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నా విమర్శ తప్పని ఒప్పుకుంటున్నాను. మన పెద్దలను ఓడ ఎక్కించినవాడు మాత్రం ఎవరు? కంగాణి. పరాయివాడు కాదు. ఊరివాడు, మన భాష మాట్లాడినవాడు, మామా అని, అన్నా అని పిలిపించుకున్నవాడు. దొర మోసం చేస్తే కోపం వస్తుంది. అన్న మోసం చేస్తే మనిషి మాట రాక నిలబడిపోతాడు. అలీ చివరి ముఖం అదే. ఆ ఒక్క ఘట్టంవల్ల ఆ నాటకంలోని నెత్తురంతా క్షమించాను.

కాని ఇదే కొరియా తెరమీద మరో ముఖం కూడా ఉంది. పైన చెప్పిన 'కింగ్ ది ల్యాండ్'లో సమీర్ అనే అరబ్బు రాజకుమారుడు వస్తాడు. స్త్రీల మధ్య కూర్చుని విలాసాలు చేసే మనిషి. అరబ్బు ప్రేక్షకులు నొచ్చుకున్నారు, నిర్మాతలు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఆ పాత్ర వేసింది ఎవరనుకున్నారు? అలీ వేసిన అనుపమ్ త్రిపాఠీయే! పాకిస్తానీ కూలీకైనా, అరబ్బు ధనికుడికైనా ఒకే భారతీయ ముఖం చాలునన్నమాట. ఈ సంగతి చెబితే గదిలో అందరూ పగలబడి నవ్వారు.

కొరియావారు పరదేశపు కూలిని ఎరగనివారు కారు. 1903 జనవరిలో 'గేలిక్' అనే ఓడమీద సుమారు వందమంది కొరియావారు హవాయి చెరకు తోటలకు చేరారు. 1905 నాటికి ఆ సంఖ్య ఏడువేలు దాటింది. ఆ 1905లోనే వెయ్యిమందికి పైగా మెక్సికో నార తోటలకు వెళ్ళారు. 1980ల తొలి సంవత్సరాల్లో లక్షకు పైగా కొరియా కార్మికులు అరబ్బు దేశాల్లో రోడ్లు, రేవులు కట్టారు. కువైట్‌లో 2019లో తెరిచిన షేక్ జాబర్ వంతెన, 36 కిలోమీటర్ల పొడవుది, కొరియా కంపెనీ ఆధ్వర్యంలోనే కట్టబడింది. తోటకూలీలుగా, ఎడారి కూలీలుగా వెళ్ళినవారి మనుమలు ఈ రోజు లోకమంతా చూసే కథలు చెబుతున్నారు.

ఆ జ్ఞాపకం నిండుగా ఉన్నది 2022లో వచ్చిన 'పచింకో'. ఇది అమెరికా నిర్మాణమైనా కథ జపానులో బతికిన కొరియా కుటుంబానిది. తెరకింద అక్షరాల్లో కొరియా మాటలకు పసుపు రంగు, జపాను మాటలకు నీలి రంగు. ఒకే వాక్యంలో రెండు రంగులు కలిసినచోట నేను బొమ్మ ఆపి చూశాను. మన ఇళ్ళలో మాటలకు అలా రంగులు వేస్తే తెలుగు, తమిళం, మలాయ్, ఇంగ్లీషు కలిసి ఇంద్రధనుస్సు కాదూ? పెళ్ళయి దేశం విడిచే కూతురికోసం తల్లి గుప్పెడు తెల్లబియ్యం బతిమాలి తెచ్చి వండిపెట్టే ఘట్టం, ముసలితనంలో ఆ కూతురు ఒక ముద్ద నోట పెట్టి ఇది మన దేశపు బియ్యమని గుర్తుపట్టే ఘట్టం. ఇవి చూసి ఏడవనివారు మన సంఘంలో ఉండరు.

2025లో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజెరిన్స్' కూడా ఈ కోవలోదే. జెజు ద్వీపంలో సముద్రంలో మునిగి నత్తలు, గవ్వజీవులు తీసే తల్లి, కవయిత్రి కావాలనుకున్న కూతురు. 16 భాగాలు, నాలుగు ఋతువులుగా పంచారు. మగవారు ఒక బల్లదగ్గర, ఆడవారు వేరే చిన్న బల్లదగ్గర తినే ఇంట్లో భర్త నోరెత్తకుండా ఇటు తిరిగి భార్య వైపు కూర్చుని తింటాడు. ఉపన్యాసం లేదు. తిరిగి కూర్చోవడమే ఉపన్యాసం. జ్ఞాపకం పోయిన నాయకులు వందమంది కంటే ఈ ఒక్క భర్త మేలు.

చివరగా ఒక మాట. నా తరగతిలో ఒక పిల్ల కొరియా మాటలు నాటకాలు చూసే నేర్చుకుంది. 'ఒప్పా' అన్న మాట ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో నాకు వివరించి చెప్పింది. 'బావ' అంటే మాత్రం పుస్తకంలో ఉన్న అర్థమే చెప్పింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆమె ముందు మనం పాఠం పెట్టాం, వారు కథ పెట్టారు. బాగన్ డాటో కొబ్బరితోటల లైను ఇళ్ళు, కంగాణి, మైదానంలో తెల్లగుడ్డ, ఈనాటి అమ్ఘరా గది. వీటితో ఒక్క చిన్న నాటికైనా మన పండుగ వేదికమీద మన పిల్లలచేత వేయించగలమేమో సంఘం పెద్దలు ఆలోచించాలి. అందులో ఎవరైనా ఎవరినైనా 'దొర' అని పిలవడం మాని 'అన్నా' అని పిలిచే ఘట్టం ఒకటి ఉంటే, ఆ మాట ఎంత బరువైనదో మన పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు.